మీకు తెలుసా? యుద్ధం ఆగాక ఉత్తరాంధ్రలో...

1945 సెప్టెంబరు 2న జపాన్ లొంగుబాటు పత్రంపై సంతకం చేసేనాటికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలే లేవు. రెండు ఊళ్లూ విశాఖపట్నం జిల్లాలోనివే. యుద్ధానికి ముందు ఈ తీరం నుంచి వేలాది మంది ఓడలెక్కి రంగూన్ వెళ్లి, రేవుల్లో, రైస్ మిల్లుల్లో పనిచేశారు. 1941 డిసెంబరులో అక్కడ జపాన్ బాంబులు పడ్డాక ఎంతోమంది అడవులూ కొండలూ దాటి కాలినడకన తిరిగొచ్చారు. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైంది. కూలికి వెళ్లే ఆ పాత దారి మళ్లీ మునుపటిలా తెరుచుకోలేదు.

ప్రపంచం బెర్లిన్ దిగ్బంధం వైపు చూస్తున్న 1948లోనే మద్రాసు శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. మన రైతులకు అంతకంటే పెద్ద వార్త లేదు. జమీందారీ అడవిలో కట్టెల హక్కు కోసం సాగిన మందస పోరాటంలో 1940లో పోలీసు కాల్పులకు బలైన వీర గున్నమ్మను ఇక్కడ తప్పక తలచుకోవాలి. విజయనగరం, బొబ్బిలి లాంటి సంస్థానాల పెత్తనం ఈ చట్టంతోనే ముగిసింది.

1950 జూన్ 25న కొరియా యుద్ధం మొదలైంది. రెండు నెలలు తిరగకముందే, ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. విజయనగరం జిల్లా మాత్రం 1979 జూన్ 1న వచ్చింది.