కవర్‌పై ‘బయోడీగ్రేడబుల్‌’ అని ఉందా? అది చూసి మోసపోకండి.. అసలు చూడాల్సింది ఇదే!

దిల్‌సుఖ్‌నగర్‌ బట్టల షాపుల నుంచి ఎల్బీనగర్‌ టిఫిన్‌ బండ్ల దాకా ఎక్కడ ఏం కొన్నా చేతిలోకి ఓ కవర్‌ వచ్చేస్తుంది. కొన్నింటిపై ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘బయోడీగ్రేడబుల్‌’ అని రాసి ఉంటుంది. మరి అవన్నీ నిజంగా మట్టిలో కలిసిపోతాయా? అంటే.. అన్నీ కాదు!

మన పక్కనే పుట్టిన టెక్నాలజీ

2021 ఆగస్టులో తిరుమలలో డీఆర్‌డీవో బయోడీగ్రేడబుల్‌ సంచుల కౌంటర్‌ మొదలైంది. మొక్కజొన్న పిండి పదార్థంతో చేసిన ఈ సంచులు 90 రోజుల్లో భూమిలో కలిసిపోతాయని అప్పట్లో ప్రకటించారు. దీని వెనక ఉన్నది హైదరాబాద్‌లోని అడ్వాన్స్‌డ్‌ సిస్టమ్స్‌ లేబొరేటరీ. అగ్ని క్షిపణులను తయారుచేసిన ల్యాబ్‌ ఇదే. ఎల్బీనగర్‌కు దగ్గర్లోని కంచన్‌బాగ్‌లోనే ఉంది.

ఇలాంటి సంచిని మట్టిలోని సూక్ష్మజీవులు తినేస్తాయి. చివరికి నీరు, కార్బన్‌ డయాక్సైడ్‌, కాస్త ఎరువు మిగులుతాయి. మామూలు ప్లాస్టిక్‌ అలా కాదు.. ముక్కలై, ఆ ముక్కలు ఇంకా చిన్నవై మైక్రోప్లాస్టిక్‌గా మట్టిలో, నీళ్లలో ఉండిపోతుంది.

ఏది అసలు? ఏది నకిలీ?

మామూలు ప్లాస్టిక్‌లోనే రసాయనాలు కలిపి త్వరగా ముక్కలయ్యేలా చేసే కవర్లూ ఉన్నాయి. వీటిని ఆక్సో డీగ్రేడబుల్‌ అంటారు. యూరోపియన్‌ యూనియన్‌ 2021లోనే వీటిని నిషేధించింది. మన దగ్గర కూడా 2024 మార్చి సవరణ ప్రకారం మైక్రోప్లాస్టిక్‌ మిగలకుండా కరిగిపోయేదే బయోడీగ్రేడబుల్‌ ప్లాస్టిక్‌.

అందుకే కవర్‌పై ‘కంపోస్టబుల్‌’ అనే మాట, ఐఎస్‌ 17088 ప్రమాణం, సీపీసీబీ సర్టిఫికెట్‌ వివరాలు ఉన్నాయో లేదో చూడాలి. 2022 డిసెంబర్‌ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్‌ క్యారీ బ్యాగులు నిషేధం. కంపోస్టబుల్‌ సంచులకు మాత్రం ఈ మందం నిబంధన వర్తించదు. ఇక బట్టల షాపుల్లో ఇచ్చే నాన్‌ వోవెన్‌ సంచులు చూడ్డానికి గుడ్డలా ఉన్నా, చాలా వరకు పాలీప్రొపిలీన్‌ అనే ప్లాస్టిక్కే!

నాలాలో వేస్తే కరగదు

ఇక్కడే అసలు చిక్కు. కంపోస్టబుల్‌ సంచిని పరీక్షించేది సుమారు 58 డిగ్రీల వేడి ఉండే ఎరువు కుప్పలో. అందులో 180 రోజుల్లోపు 90 శాతం జీర్ణం కావాలి. నాలాలో ఆ వేడీ ఉండదు, అంత టైమూ దొరకదు. 2020 అక్టోబర్‌ వరదల్లో సరూర్‌నగర్‌ చెరువు కింది కాలనీలు ఎలా మునిగాయో ఈ ప్రాంతం వాళ్లకు బాగా తెలుసు. వాన నీటికి అడ్డుపడే విషయంలో ఏ కవరైనా కవరే. పోనీ డంపింగ్‌ యార్డుకు పంపితే? గాలి ఆడని కుప్పల కింద కుళ్లి మీథేన్‌ వదులుతుంది.

మరి ఏం చేయాలి?

కంపోస్టబుల్‌ సంచిలో కూరగాయల తొక్కలు, పూజ పూలు వేసి సంచితో సహా కంపోస్ట్‌కు పంపితేనే దాని లాభం దక్కుతుంది. అందుకే తడి చెత్త, పొడి చెత్త విడిగా ఇవ్వడం ముఖ్యం. ఫంక్షన్లకు లోపల ప్లాస్టిక్‌ పూత ఉన్న పేపర్‌ ప్లేట్ల బదులు మోదుగాకు విస్తళ్లు, అరటాకులు వాడొచ్చు. ఇక రోజూ మార్కెట్‌కు వెళ్లేటప్పుడు ఇంట్లోని గుడ్డ సంచి తీసుకెళ్తే.. అసలు ఏ కవరూ అక్కర్లేదు!