లక్డారం కంకర ధరకు డీజిల్ పగ్గం

లక్డారం: పటాన్‌చెరు మండలంలోని యీ గ్రామం పరిసరాల్లోని క్రషర్ల నుంచి వెలువడే కంకరకు హైదరాబాదు బజారులో గిరాకీ కొత్తేమీ కాదు. 40 ఎం.ఎం., 20 ఎం.ఎం., 12 ఎం.ఎం. రకాలతో పాటు క్రషర్ డస్టు కూడా ఇక్కడి నుంచి లోడవుతుంది. జాతీయ రహదారి, ఔటర్ రింగు రోడ్డు చేరువలో వుండటం యీ సరుకుకు కలిసి వచ్చిన అంశం. రాయి స్థానికమే. ధరను ఆడించే ఇంధనం మాత్రం స్థానికం కాదు.

గుట్టకు రంధ్రాలు వేసే కంప్రెసర్ మొదలు సరుకు చేరవేసే టిప్పర్ వరకు అన్నింటికీ డీజిలే ఆధారం. పేలుడుకు వాడే అమ్మోనియం నైట్రేటు అమ్మోనియాతో తయారవుతుంది; దానికి ముడిసరుకు ముఖ్యంగా సహజవాయువు. రాయిని నలగగొట్టే మోటార్లకు కరెంటు కావాలి. అంటే రాయి, కూలి, యంత్రాల అరుగుదల పోగా మిగిలిన ఖర్చులో అధిక భాగం ఇంధనానిదే.

డీజిల్ లెక్క

దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. 1973 అక్టోబరు యుద్ధానికి ముందు పీపా 3 డాలర్ల చిల్లర వున్న చమురు, 1974 జనవరి నాటికి 12 డాలర్ల దరిదాపులకు చేరింది. నాడు డీజిల్ ధరను ప్రభుత్వమే నిర్ణయించేది. 2014 అక్టోబరులో ఆ నియంత్రణ తొలగింది. 2017 జూన్ నుంచి రోజువారీ సవరణ పద్ధతి వచ్చింది.

హైదరాబాదులో లీటరు డీజిల్ 2021 నవంబరు మొదట్లో 107 రూపాయలు దాటింది. కేంద్రం ఎక్సైజు సుంకాన్ని రెండు విడతలుగా తగ్గించిన మీదట, 2022 మే నుంచి దాదాపు రెండేళ్లు 97 రూపాయల 82 పైసల వద్ద నిలిచిపోయింది. 2024 మార్చిలో 95 రూపాయల 65 పైసలకు దిగింది. రోజూ మార్చే వీలున్నా ధర నెలల తరబడి కదలకపోవటం, కదిలితే ఒక్కసారిగా కదలటం వర్తకులు గమనించవలసిన విషయం.

ఉదాహరణకు 20 టన్నుల లోడుతో ఒక టిప్పరు పోను రాను 80 కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తే ట్రిప్పుకు 20 లీటర్లు ఖర్చు. లీటరుపై 5 రూపాయలు హెచ్చితే ట్రిప్పుకు 100 రూపాయలు, టన్నుకు 5 రూపాయలు అదనం. 20 వేల టన్నులకు ఖరారు రేటు రాసిచ్చిన వ్యాపారికి కిరాయి మీదనే లక్ష రూపాయలు చేతి నుంచి పోతాయి. క్వారీలోని యంత్రాల డీజిల్ ఇందులో కలపలేదు. వాయిదాల మీద బండి కొన్న టిప్పరు యజమానికి యీ దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది.

పన్ను మెలిక

కంకరపై జి.ఎస్.టి. 5 శాతం వుండగా, డీజిల్ ఆ పరిధిలోకే రాలేదు. రాష్ట్రంలో డీజిల్‌పై వ్యాట్ 27 శాతం. డీజిల్‌పై కట్టిన పన్నును అమ్మకంపై కట్టవలసిన జి.ఎస్.టి.లో మినహాయించుకునే వీలు లేదు. అది యావత్తూ సరుకు ఖర్చులోనే పడుతుంది.

కరెంటు వెనుక బొగ్గు

మోటార్ల కరెంటుకూ మూలం ఎక్కువగా బొగ్గే. 2023-24లో దేశపు విద్యుత్ ఉత్పత్తిలో సుమారు నాలుగింట మూడు వంతులు బొగ్గు ద్వారా వచ్చింది. ఆ సంవత్సరం దేశంలో దాదాపు 100 కోట్ల టన్నుల బొగ్గు తవ్వారు. అందులో సింగరేణి వాటా 7 కోట్ల టన్నులు. అయినా 26 కోట్ల టన్నులకు పైగా దిగుమతి తప్పలేదు. 2025 నాటికి విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో బొగ్గు, చమురు, గ్యాసేతర వనరుల వాటా సగానికి చేరింది. అయితే సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. పొద్దు గూకితే సౌర విద్యుత్తు ఆగుతుంది. బొగ్గు కేంద్రం రాత్రి కూడా నడుస్తుంది. క్రషర్లు పగటి పూట నడిచేవే గనుక సౌర ఫలకాలు కొంత వరకు ఆదుకోగలవు. టిప్పర్ల డీజిల్‌కు మాత్రం అంత సులువైన ప్రత్యామ్నాయం లేదు.

బేరంలో జాగ్రత్త

కాబట్టి నెలల తరబడి సరఫరాకు ఒప్పుకునేటప్పుడు, రేటుతో పాటు ఆనాటి డీజిల్ ధరను కూడా కాగితం మీద రాసుకోవటం మేలు. లీటరుపై ఎంత హెచ్చితే టన్నుకు ఎంత కలపాలో, తగ్గితే ఎంత తీసివేయాలో ముందే తేల్చుకుంటే కొన్నవారికీ అమ్మినవారికీ పేచీ వుండదు. చుట్టుప్రక్కల వూళ్లకు పట్టే దుమ్ము, పేలుళ్ల అదురు ఏ రేటులోనూ చేరని ఖర్చు. అది కూడా ఒకనాటికి లెక్కకు రాక తప్పదు.

వానల్లో నిర్మాణాలు మందగించి కంకర బజారు మందకొడిగా సాగటం, దసరా తర్వాత పుంజుకోవటం ఏటా వున్నదే. ఆ సీజనుకు ముందుగా బేరాలు కుదుర్చుకునేవారు గుట్టల వైపు చూసినట్లే చమురు ధర, డాలరు మారకపు రేటు వైపు కూడా చూడవలసి వుంటుంది.