ఏటిపాలైన రంగులు

ఈజిప్టు దేశమున, నైలు నది నడుమ, ఫిలే అను చిన్న దీవిలో ఐసిస్ దేవి ఆలయ ముండెడిది. క్రీస్తు శకము ఆరవ శతాబ్దిలో అచ్చట పూజలు నిలిచిపోయినవి. కాలక్రమమున ఆలయము పాడుపడినది. 1838లో డేవిడ్ రాబర్ట్స్ అను స్కాట్లండు చిత్రకారుడు పడవపై వచ్చి ఆ శిథిలములను చూచెను. మండప స్తంభముల శిరస్సులపై నీలము, ఆకుపచ్చ రంగులు అప్పటికిని మెరయుచుండెను. అతడు వాటిని శ్రద్ధతో చిత్రించుకొనెను.

ఆ చిత్రమును లండనులో లూయీ హాగ్ శిలాముద్రణమునకు ఎక్కించెను. సున్నపురాతి పలకపై జిడ్డుగల సుద్దతో బొమ్మ గీసి, రాతిని తడిపి, సిరా పూయుదురు. తడిసిన చోట సిరా అంటదు. జిడ్డున్న చోటనే అంటును. ఈ విద్యకు మూలమంతయు నిదియే. 1846–49 నడుమ వెలువడిన ఆ ప్రతులలో కొన్నింటికి చేతితో రంగులద్దిరి.

1902లో అస్వాన్ వద్ద ఆనకట్ట పూర్తియైనది. ఏటా పెక్కు నెలలు ఆలయము నీట మునుగుచు వచ్చెను. గోడలు నిలిచినవి, రంగులు చాలవరకు ఏటిపాలైనవి. అటుపిమ్మట పెద్ద ఆనకట్ట కట్టగా, యునెస్కో పూనికతో ఆలయమును రాయి రాయిగా విప్పి, పొరుగున నున్న అగిల్కియా దీవిపై నిలిపి, 1980లో సందర్శకులకు తెరచిరి. రాళ్ళను తరలింపగలిగిరి గాని, పోయిన రంగులను తేలేకపోయిరి.

అవి నేడు రాబర్ట్స్ చిత్రమున కనిపించుచున్నవి. చూచినవాని చేతినుండి రాతిపై గీసినవాని చేతికి, అటనుండి రంగులద్దినవాని చేతికి మారివచ్చిన సాక్ష్య మిది. కావున అక్షరాలా నమ్మరాదు, అట్లని త్రోసివేయనురాదు. శ్రద్ధతో గీసిన గీత ఎన్నడు, ఎవరికి అక్కరకు వచ్చునో గీసినవాడును ఎరుగడు.