మా బాబాయిగారి పిస్తోలు

సినిమాలో కథానాయకుడు కోటు జేబులోంచి పిస్తోలు తీసి దుర్మార్గుడి ఎదుట నిలబడగానే హాలంతా చప్పట్లు మోగుతాయి. ఆ పిస్తోలు పొద్దుటి నుంచీ ఆయన జేబులో ఎలా ఇమిడిందో, భోజనానికి కూర్చున్నప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాడో, స్నానానికి వెళుతూ ఎవరికిచ్చి వెళ్ళాడో ఏ డైరెక్టరూ చూపించడు. ఆ సంగతులు తెలియాలంటే నిజంగా పిస్తోలు మోసిన మనిషిని అడగాలి. అటువంటి మనిషి మా వంశంలో ఒక్కరే ఉన్నారు. ఆయన జంగారెడ్డిగూడెంలో మా బాబాయి.

డెబ్బయి అయిదేళ్ళ మనిషి. మొన్న వేసవిలో ఫోను చేశారు. "ఒరే అబ్బాయ్! పిస్తోలు సంగతి ఏదో ఒకటి తేల్చెయ్యాలి. ఒకసారి వచ్చి వెళ్ళు" అన్నారు. తేల్చడానికి అందులో ఏముందా అనుకుంటూ బస్సెక్కాను. వెళ్ళాక తెలిసింది. మా తమ్ముడు, అనగా బాబాయి కొడుకు, ఆ పిస్తోలు తన పేర మార్పించుకుంటానంటున్నాడు. పిన్ని ససేమిరా వీల్లేదంటున్నది. బాబాయి ఎటూ చెప్పలేక మధ్యవర్తిగా నన్ను పిలిచారు.

కొన్నప్పటి ముచ్చట

జంగారెడ్డిగూడెం పశ్చిమ గోదావరి మెట్టసీమకు గుండెకాయ వంటి ఊరు. 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లాలో చేరింది. డెల్టాలో వరి ఎంతో ఇక్కడ వర్జీనియా పొగాకు అంత. ఇప్పుడు ఆయిల్‌పామ్ తోటలు కూడా బాగా పెరిగాయి. బుట్టాయగూడెం దాటితే అడవి.

బాబాయి యౌవనంలో పొగాకు వ్యాపారం చేసేవారు. 1976లో పొగాకు బోర్డు ఏర్పడినా, ఆంధ్రదేశంలో వేలంపాటలు 1985లోగాని మొదలుకాలేదు. అంతకుముందు ఊరూరా తిరిగి ఆకు చూసి, బేరమాడి, రైతు చేతిలో రొక్కం పెట్టవలసిందే. సంచీలో డబ్బు, చీకటి దారి, స్కూటరు మీద ఒంటరి ప్రయాణం. 1981లో ఏలూరు కలెక్టరాఫీసులో అర్జీ పెట్టుకున్నారు. పోలీసు విచారణ అయి, లైసెన్సు చేతికి వచ్చేసరికి ఆరు నెలలు పట్టింది. దాని మీద లైసెన్సున్న దుకాణంలో ఒక పాత పిస్తోలు కొన్నారు. ఇంగ్లండులో వెబ్లీ అండ్ స్కాట్ వారు చేసిన పాయింట్ 32 బోరు జేబు పిస్తోలు అది.

ఈ రకం పిస్తోలుకు పెద్ద చరిత్రే ఉన్నది. 1911లో లండను పోలీసులు తమ సిబ్బందికి ఎంచుకున్నది దీన్నే. పొడవు జానెడు కూడా ఉండదు. బరువు సుమారు 570 గ్రాములు. పిడిలోని అరలో ఎనిమిది గుళ్ళు పడతాయి. ఇంటికి తెచ్చిన రోజున పేట పేటంతా వచ్చి చూసిపోయిందట. "పెళ్ళికూతుర్ని చూడ్డానిక్కూడా అంతమంది రాలేదు" అని పిన్ని ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

మొలలో మోసిన ఆరేళ్ళు

"ఎలా ఉండేది బాబాయ్, రోజూ దగ్గర పెట్టుకోవడం?" అని అడిగాను.

ఆయన నవ్వారు. "మొదటి నెల నేను మోశాను. తరవాత అదే నన్ను మోయించింది."

లాల్చీ జేబులో వేసుకుంటే జేబు ఒకవైపుకు లాగేది. లోపలేముందో ఊరందరికీ తెలిసిపోయేది. పంచె మొలలో దోపితే నిలిచేది కాదు. చివరికి తోలు ఒర కుట్టించి, ప్యాంటు బెల్టుకు తగిలించి, పైన చొక్కా వదిలేయడం అలవాటు చేసుకున్నారు. మన ఎండల్లో చెమటకు తోలు తడిసేది. తోలు తడికి ఇనుము మీద తుప్పు చుక్కలు లేచేవి. వారానికొకసారి విప్పి, తుడిచి, నూనె పెట్టడం శనివారం తలంటు వంటి నియమమైపోయింది.

పిస్తోలుకూ రివాల్వరుకూ తేడా చాలామందికి తెలియదు. రివాల్వరులో గుళ్ళు గుండ్రంగా తిరిగే అరల్లో ఉంటాయి. ఒక గుండు పేలకపోతే మళ్ళీ మీట నొక్కితే చాలు, రెండోది ఎదటికి వస్తుంది. పిస్తోలులో అలా కాదు. పేలని గుండును పైభాగం వెనక్కు లాగి తీసేస్తేగాని రెండోది ఎక్కదు. కాని పిస్తోలు పలచగా ఉంటుంది, నడుముకు ఒత్తుకోదు. "సుఖం పిస్తోలుది, నమ్మకం రివాల్వరుది" అని బాబాయి తీర్పు.

గురి మాట అడిగితే తల అడ్డంగా ఊపారు. గొట్టం మూడున్నర అంగుళాలే. చెయ్యి వెంట్రుకవాసి కదిలినా గుండు ఎక్కడికో పోతుంది. పది అడుగుల దూరంలో పనికివస్తుంది. ముప్ఫై అడుగుల్లో దైవాధీనం. చెయ్యి కుదరాలంటే సాధన కావాలి. సాధన చేద్దామంటే ఊళ్ళో పేల్చకూడదు. ఒకసారికెన్ని గుళ్ళు కొనాలో, ఏడాదికెన్ని కొనాలో లైసెన్సు మీదే రాసి ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆయన పేల్చినవి ఇరవై గుళ్ళకు మించవు; అవీ చెక్క మీదే.

"మరి ధైర్యంగా ఉండేదా?"

"దారిలో ధైర్యమేరా. ఊళ్ళోకి వచ్చాకే భయం. బస్సులో ఎవడైనా ఆనుకుని నిలబడితే భయం. పెళ్ళిలో పిల్లలు ఒళ్ళోకి ఎక్కుతుంటే భయం. ఎవడితోనైనా మాటా మాటా పెరిగితే మరీ భయం. నా చేతిలో అదున్నదని నాకు తెలుసుగదా! కోపం వచ్చినప్పుడల్లా నేనే తగ్గి వచ్చేసేవాణ్ణి."

హోదా ఎక్కడినుంచి వచ్చింది?

మన దేశంలో తుపాకికి ఇంత గొప్ప ఎందుకొచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కు పోవాలి. 1878లో తెల్లదొరలు ఆయుధాల చట్టం చేశారు. భారతీయుడికి లైసెన్సు కావాలి, తెల్లవాడికి మినహాయింపు. నాటి నుంచి తుపాకి లైసెన్సు సర్కారువారి నమ్మకానికి గుర్తు అయింది. అది లేనివాడు ఆయుధం కావాలంటే ఏం చేయాలో గోదావరి ఆవలి మన్యం చూపింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడిచేసి తుపాకులూ మందుగుండూ తీసుకుపోయింది.

స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త చట్టం చేశారు; 1962 అక్టోబరు 1 నుంచి అమలయింది. తెల్లవాడి మినహాయింపు పోయింది. కాని తుపాకి ఉన్న ఇంటిని చూసి జనం తగ్గి మాట్లాడే అలవాటు పోలేదు. 1980ల నడుమ విదేశీ తుపాకులను ప్రైవేటు మనుషులు తెప్పించుకోవడం దాదాపు ఆగిపోవడంతో, పాత ఇంగ్లీషు పిస్తోళ్ళ ధర పాత వీణల ధరలా పెరిగింది. మా తమ్ముడికి మోజు పుట్టడానికి ఇదీ ఒక కారణం.

స్వదేశంలో చేసినవి లేకపోలేదు. కాన్పూరులో 2014లో 'నిర్భీక్' అని ఆడవారి చేతిసంచీలో ఇమిడే రివాల్వరు చేశారు. బరువు అర్ధ కిలో, ధర లక్షా ఇరవై వేల పైచిలుకు. ఢిల్లీలో 2012లో ఘోరానికి బలైన యువతి స్మృతిలో దానికా పేరు పెట్టారు. అంత డబ్బు పెట్టి కొనగల ఆడవాళ్ళు దేశంలో ఎందరని అప్పుడే కొందరు అడిగారు. 2023లో 'ప్రబల్' అని మరొకటి అక్కడే వచ్చింది. చిన్న పిస్తోళ్ళంటే చిన్నచూపు మాత్రం పనికిరాదు. 1914లో సరయేవోలో ఆస్ట్రియా యువరాజును చంపి ప్రపంచయుద్ధానికి నిప్పు పెట్టినదీ, 1948 జనవరి 30న బాపూజీని మనకు లేకుండా చేసినదీ జేబులో పట్టే పిస్తోళ్ళే.

చట్టం ఏమంటుంది?

లైసెన్సు కోరేవారికి ఇరవై ఒక్క ఏళ్ళు నిండాలి. పోలీసు నివేదిక కావాలి. 2016 నిబంధనల ప్రకారం ఆయుధం వాడకంలో తర్ఫీదు పొంది ఉండాలి. ఇంట్లో భద్రంగా తాళం వేసి పెట్టే ఏర్పాటుండాలి. నలుగురిలోకి తీసుకువెళితే ఒరలో, కనబడకుండా ఉండాలి. 2019 సవరణతో ఒక మనిషికి మూడు ఆయుధాలకు బదులు రెండే అన్నారు. లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెంచారు. పెళ్ళి ఊరేగింపుల్లో సరదాకు పేల్చి ఇతరులకు అపాయం తెస్తే రెండేళ్ళ వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ పడతాయి.

ఆత్మరక్షణకు హక్కు ఉన్నది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దాని గురించే. కాని ముప్పు ఎంతో ఎదురుదెబ్బ అంతే ఉండాలి. పారిపోయే దొంగను వీపున కాల్చి, ఆత్మరక్షణ అంటే కోర్టు ఒప్పదు.

ఇక ఎన్నికలు వస్తే ఆయుధాలు పోలీసు స్టేషనులో అప్పగించడం మామూలు. 2024 మే ఎన్నికలకు కూడా బాబాయి తీసుకువెళ్ళి రసీదు తెచ్చుకున్నారు. "ఎన్నికలొస్తే ఊరందరికీ నిద్ర పట్టదు. నాకు మాత్రం అప్పుడే నిద్ర" అన్నది పిన్ని.

అలా అన్నదేగాని, ఆ మాటలో నవ్వు లేదు. నేను అడిగాను. బాబాయి లేచి వీధరుగు మీదికి వెళ్ళిపోయారు. తమ్ముడూ నేనూ వింటూ ఉండగా పిన్ని చెప్పింది.

బ్యారన్ రాత్రి

1987 మార్చి. అప్పటికి వేలాలు వచ్చి, డబ్బు సంచీ మోసే పని తప్పిపోయింది. బాబాయి వ్యాపారం మాని సొంతంగా పొగాకు వేస్తున్నారు. కాని పిస్తోలు మాత్రం మొల దిగలేదు. తోటలోనే కాపురం; ఇంటికి యాభై గజాల్లో రెండు బ్యారన్లు. ఆకు ఎక్కించాక వారం రోజులు రాత్రింబవళ్ళు మంట చూసుకోవాలి. వేడి గొట్టం మీద ఒక్క ఎండుటాకు రాలినా బ్యారన్ అంటుకుంటుంది.

ఆ వారంలో పక్క ఊళ్ళో దొంగలు పడ్డారని వార్త. బాబాయి గొట్టంలోకి గుండు ఎక్కించి తలగడ కింద పెట్టుకుని పడుకున్నారు. అర్ధరాత్రి దాటాక పెరటి వైపు పరుగు చప్పుడు. ఎవరో తలుపు మీద పడ్డారు. బాబాయి లేచి, మీట దించి, తలుపు తీశారు. చీకట్లో ఎదురుగా ఒక మనిషి, చేతిలో కర్ర. బాబాయి చెయ్యి లేచింది.

"అయ్యగారండీ! బ్యారన్ అంటుకుందండీ!"

మంట చూసే మనిషి. చేతిలోది నిప్పులు ఎగదోసే కర్ర. ఆ కేక అర క్షణం ఆలస్యమై ఉంటే?

బ్యారన్ ఒకటి బూడిదైపోయింది. తెల్లవార్లూ నీళ్ళు పోశారు. పరుగెత్తే ముందు బాబాయి పిస్తోలులోంచి గుళ్ళ అర ఊడదీసి జేబులో వేసుకుని, ఇంక ప్రమాదం లేదనుకుని, పిస్తోలు మళ్ళీ తలగడ కిందే పెట్టారు. పొద్దున్న తుడవబోతే గొట్టంలో గుండు అలాగే ఉన్నది! పిస్తోలులో అర తీసినంత మాత్రాన ఎక్కిన గుండు దిగదు. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. ఆ రాత్రి కంగారులో మరిచారు.

"ఆ పక్కలో ఎవరు పడుకున్నారో తెలుసా?" అని పిన్ని తమ్ముడి వైపు చూసింది. "నువ్వే. నాలుగేళ్ళవాడివి. మేమంతా బ్యారన్ దగ్గర. నువ్వొక్కడివీ ఇంట్లో."

ఆనాడే పిస్తోలు బీరువాలోకి వెళ్ళింది. తాళంచెవి పిన్ని మొలకు చేరింది. మళ్ళీ దాన్ని బాబాయి బెల్టుకు తగిలించలేదు. ఆ మంట చూసే మనిషి ముసలివాడై ఇప్పటికీ ప్రతి సంక్రాంతికీ వస్తాడు. "అయ్యగారు నన్ను దొంగనుకున్నారండీ" అని చెప్పి నవ్వుతాడు. బాబాయి మాత్రం ఒక్కసారి కూడా నవ్వలేదట. కొత్త పంచె పెట్టి, భోజనం పెట్టి, గేటు దాకా సాగనంపుతారు.

తీర్పు

లైసెన్సుదారు చనిపోతే వారసుడు అర్జీ పెట్టుకోవచ్చు. డెబ్బయి ఏళ్ళు నిండినా, ఇరవై అయిదేళ్ళు ఆయుధం తన దగ్గరున్నా, బతికి ఉండగానే వారసుడికి ఇప్పించమని కోరవచ్చు. రెండు విధాలా బాబాయికి అర్హత ఉంది. వద్దనుకుంటే, ముందుగా అధికారులకు తెలియపరచి లైసెన్సున్న దుకాణానికి అమ్మేయవచ్చు.

మధ్యవర్తిగా వెళ్ళినవాణ్ణి, నేను చెప్పవలసింది ఏమీ లేకపోయింది. తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. వాడికిప్పుడు తొమ్మిదేళ్ళ కొడుకు. ఏ బీరువా ఎక్కడున్నదో, ఏ తాళం ఎక్కడున్నదో కనిపెట్టే వయసు. చివరికి లేచి అరుగు మీదికి వెళ్ళి, "నాన్నా, అమ్మేద్దాం" అన్నాడు. బాబాయి తలెత్తి చూడలేదు. "కాగితాలు నువ్వే రాయి. నాకు కళ్ళు ఆనడం లేదు" అన్నారు.

పది రోజుల నాడు ఆ పనంతా పూర్తయింది. నలభై ఏళ్ళ పైచిలుకు నూనె రాసి కాపాడిన వస్తువు. చేతులు ఊరుకోలేదేమో, మరుసటి శనివారం పొద్దున్నే బాబాయి నూనె సీసా తీసుకుని, ఇంట్లో తలుపుల బందులన్నిటికీ నూనె పెట్టారట. పిన్ని ఫోనులో ఆ సంగతి చెప్పి నవ్వింది.

"మరి బీరువా తాళంచెవి ఏం చేశావు పిన్నీ?" అన్నాను.

"గోడన క్యాలెండరు పక్క మేకుకు తగిలించానురా. ఇంక ఎవరు తీస్తే నాకేం?" అన్నది.