ముందు 15, వెనక 26

1959 అక్టోబరులో అమెరికాలో షెవర్లే కంపెనీ కోర్‌వెయిర్ అనే కారును మార్కెట్లోకి తెచ్చింది. ఆరు సిలిండర్ల ఇంజను. దాన్ని చల్లబరిచేది నీళ్లు కాదు, గాలి. పైగా ఇంజను వెనక, డిక్కీ ఉండాల్సిన చోట ఉంటుంది. కొన్నవాళ్లకు కంపెనీ చెప్పిన టైరు గాలి లెక్క ఇది: ముందు టైర్లకు 15 పీఎస్ఐ, వెనక టైర్లకు 26.

ఇంత తేడా చూస్తే ఎవరికైనా అచ్చుతప్పేమో అనిపిస్తుంది. చాలామంది యజమానులు, మెకానిక్‌లు ఆ లెక్క పట్టించుకోలేదు. నాలుగు టైర్లకూ ఒకేలా గాలి పట్టించి నడిపారు. ఆ ఒక్క పనితో కారు మలుపు తిరిగే తీరే మారిపోయింది. ఎందుకు మారిందో అర్థమైతే మన కారు టైర్ల గురించి, అలైన్‌మెంట్ గురించి తెలుసుకోవాల్సిన దాంట్లో ముఖ్యమైన భాగం తెలిసినట్టే.

వెయ్యి కిలోల కారును తీసుకుందాం. ఒక్కో చక్రం మీద పడేది సుమారు 250 కిలోలు. టైర్లో 32 పీఎస్ఐ గాలి ఉందంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.25 కిలోల ఒత్తిడి. భాగిస్తే 110 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. అంటే ఒక్కో చక్రం రోడ్డును తాకేది అరచేయంత మేర. బ్రేకు వేసినా, మలుపు తిప్పినా, వేగం పెంచినా ఆ నాలుగు చోట్ల దొరికే పట్టుతోనే జరగాలి.

స్టీరింగ్ తిప్పితే చక్రం ఎటు చూస్తే కారు అటే వెళ్తుందనుకుంటాం. నిజానికి అలా జరగదు. రోడ్డుకు అంటుకున్న రబ్బరు అక్కడే పట్టుకుని ఉంటుంది, పైనున్న రిమ్ము కొత్త దిక్కుకు తిరుగుతుంది. మధ్యలో టైరు మెలిపడుతుంది. మెలిపడ్డ రబ్బరు మళ్లీ యథాస్థితికి రావడానికి పెనుగులాడుతుంది కదా, కారును మలుపులోకి నెట్టే బలం దాని నుంచే వస్తుంది. కాబట్టి మలుపులో ఉన్నంతసేపూ చక్రం చూసే దిక్కుకూ అది నిజంగా వెళ్లే దిక్కుకూ మధ్య కొంత కోణం ఉండి తీరుతుంది. దీన్ని స్లిప్ యాంగిల్ అంటారు. మామూలు నడకలో ఇది ఒకటి రెండు డిగ్రీలు. బలం ఎక్కువ కావాల్సి వస్తే కోణమూ పెరుగుతుంది. ఓ హద్దు దాటాక ఇక బలం పెరగదు, టైరు జారడం మొదలవుతుంది.

ఇప్పుడు ముందు చక్రాల కోణాన్ని, వెనక చక్రాల కోణాన్ని పోల్చి చూడండి. ముందు కోణం ఎక్కువైతే కారు మనం తిప్పినంత తిరగదు, మలుపు బయటి వైపుకు పోతుంది. ఇది అండర్‌స్టీర్. వెనక కోణం ఎక్కువైతే వెనక భాగం బయటికి తన్నుకొచ్చి, కారు అనుకున్నదానికన్నా ఎక్కువ తిరుగుతుంది. ఇది ఓవర్‌స్టీర్. మొదటిదానిలో డ్రైవరు కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీస్తే వేగం తగ్గి కారు దారికొస్తుంది. రెండోదానిలో అదే పని చేస్తే బరువు ముందుకు వాలి, వెనక టైర్లకు ఉన్న కాస్త పట్టూ పోతుంది. భయపడ్డ మనిషి ఎవరైనా చేసేది కాలు తీయడమే. అందుకే జనం కొనే కార్లు దాదాపు అన్నీ కాస్త అండర్‌స్టీర్ ఉండేలా తయారవుతాయి. ఇది నాకు ఇంజనీర్లు చేసిన గొప్ప ఉపకారంగా కనిపిస్తుంది.

కోర్‌వెయిర్ బరువులో అరవై శాతానికి పైగా వెనక చక్రాల మీదే పడేది. మలుపులో ఎక్కువ బలం ఇవ్వాల్సింది అవే కాబట్టి ఎక్కువ కోణమూ వాటిదే అవుతుంది. దాన్ని సరిచేయడానికి కంపెనీ ముందు టైర్లలో గాలి తగ్గించింది. గాలి తక్కువైన టైరు మెత్తగా ఉండి ఎక్కువ మెలిపడుతుంది, ముందు కోణం పెరుగుతుంది, కారు అండర్‌స్టీర్ వైపుకు వస్తుంది. 15, 26 లెక్క వెనక రహస్యం ఇదే.

దీనికి తోడు వెనక సస్పెన్షన్‌లో మరో చిక్కు ఉంది. చక్రానికి శక్తినిచ్చే ఇరుసుకు లోపలి కొసన మాత్రమే కీలు ఉండేది. చక్రం కిందికి దిగినప్పుడల్లా దాని అడుగు భాగం లోపలికి ముడుచుకుపోయేది. ముందు నుంచో వెనక నుంచో చూసినప్పుడు చక్రం నిలువుకు ఎంత వాలి ఉందో చెప్పే కొలత క్యాంబర్. మలుపు తీవ్రమైతే కారు వెనక భాగం పైకి లేచి, బయటి చక్రం క్యాంబరు ఒక్కసారిగా మారిపోయి, టైరు అంచు మీద నిలబడేది. పట్టు అవసరమైన క్షణంలోనే పట్టు తగ్గేది.

కార్ల భద్రత కోసం పోరాడిన రాల్ఫ్ నాడర్ 1965లో రాసిన 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' పుస్తకంలో మొదటి అధ్యాయం ఈ కారు లోపాల మీదే. అప్పటికే 1964 మోడల్‌లో వెనక అదనపు స్ప్రింగును, ముందు కారు ఒరగకుండా ఆపే కడ్డీని చేర్చారు. 1965 మోడల్‌కు వెనక సస్పెన్షన్ పూర్తిగా మార్చేశారు. 1972లో అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ విడుదల చేసిన నివేదిక, 1960–63 కోర్‌వెయిర్లు ఆ కాలపు మరికొన్ని కార్లకన్నా అధ్వానం కావని తేల్చింది. ఆ మాటను పక్కన పెట్టలేం. అయినా ఒక కుటుంబం ప్రాణాలను టైర్ల గాలి తేడా మీద ఆధారపడేలా చేయడం సరైన డిజైన్ కాదని నా గట్టి అభిప్రాయం. గాలి లీకవుతుంది, మనిషి మరిచిపోతాడు.

మన దగ్గర 2009లో రోడ్డెక్కిన టాటా నానోకూ ఇంజను వెనకే. ఇదే సమస్యకు అక్కడ టైరు సైజులో పరిష్కారం కనిపిస్తుంది. ముందు 135/70 ఆర్12, వెనక 155/65 ఆర్12. వెనక టైరు 20 మిల్లీమీటర్లు వెడల్పు. ఈ తేడాను మరిచిపోవడానికి వీల్లేదు, చక్రంలోనే ఉంది. నానో టైర్లను ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చకూడదనడానికి కారణమూ ఇదే.

ఇంజను ముందున్న మన మామూలు కార్లకు ఈ పాఠం ఎక్కడ పనికొస్తుందంటే, రెండే కొత్త టైర్లు కొన్నప్పుడు. ముందు చక్రాలే నడుపుతాయి, ముందు టైర్లే త్వరగా అరుగుతాయి కాబట్టి కొత్తవి ముందు వైపే వేయాలన్నది షాపుల్లో తరచుగా వినిపించే సలహా. టైరు కంపెనీలు మాత్రం వెనక వేయమంటాయి. వాన పడ్డ రోడ్డు మీద ఇది ప్రాణం మీదికొచ్చే విషయం. టైరు మీది గాడులు నీటిని పక్కకు చిమ్మలేకపోతే టైరు నీటి మీదే తేలిపోతుంది. 1960ల్లో నాసాలో వాల్టర్ హోర్న్ విమాన టైర్ల మీద పరిశోధించి, ఈ తేలే వేగం గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుందని చూపించారు. ఆ లెక్కన 32 పీఎస్ఐ టైరు గంటకు సుమారు 94 కిలోమీటర్ల దగ్గర, 20 పీఎస్ఐ టైరు 75 దగ్గరే తేలుతుంది. కారు టైరుకు ఇది ఉజ్జాయింపే. గాడుల లోతును బట్టి, నిలిచిన నీటిని బట్టి మారుతుంది. ముందు టైర్లు తేలితే స్టీరింగ్ చేతిలో తేలికవుతుంది, మనకు తెలుస్తుంది, వేగం తగ్గిస్తాం. వెనకవి తేలితే ముందుగా ఏ కబురూ అందదు, కారు గిర్రున తిరిగిపోతుంది.

ఇక అలైన్‌మెంట్. ఇందులో టైర్లను ఎక్కువగా తినేసేది టో. పైనుంచి చూస్తే రెండు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగున్నాయా, బయటికా అన్న కొలత. ఒక చక్రం ఉండాల్సిన దానికి పావు డిగ్రీ తప్పిందనుకోండి, కంటికి కనిపించదు. కానీ అది కిలోమీటరుకు నాలుగు మీటర్లకు పైగా పక్కకు రాసుకుంటూ వెళ్తున్నట్టు లెక్క. 20,000 కిలోమీటర్లు తిరిగేసరికి 87 కిలోమీటర్ల రాపిడి. టైరు మీద అరచేత్తో అడ్డంగా నిమిరి చూడండి. ఒకవైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే రంపంలా గుచ్చుకుంటే టో తప్పిందని అనుమానించాలి.

ముందు చక్రాల టో సరిచేసి పంపేస్తే పని అయిపోదు. వెనక ఇరుసు కొంచెం పక్కకు తిరిగి ఉంటే కారు వంకరగా నడుస్తుంది, తిన్నగా పోవడానికి కూడా స్టీరింగ్ పక్కకు తిప్పి పట్టుకోవాలి. అందుకే నాలుగు చక్రాలకూ కొలత తీయించాలి. చిన్న కార్లు చాలావాటిలో మార్చడానికి వీలయ్యేది ముందు టో ఒక్కటే. క్యాంబర్ గాని, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను తిన్నబడేలా చేసే క్యాస్టర్ గాని హద్దు దాటి కనిపిస్తే, గుంతలో పడి ఏదో భాగం వంగి ఉండొచ్చు. దాన్ని మార్చకుండా టోతో సర్దడం పనికిరాదు.

కారు ఒక పక్కకు లాగుతోందంటే తప్పు ప్రతిసారీ అలైన్‌మెంట్‌దే కాకపోవచ్చు. గాలి సమానంగా ఉందో లేదో ముందు చూడాలి. తర్వాత, టైర్ల రకం అందుకు ఒప్పుకుంటే, ముందు టైర్లు రెండింటినీ కుడి ఎడమలు మార్చి నడపండి. లాగుడు రెండో పక్కకు మారితే లోపం టైరులోనే ఉంది, ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా పోదు. మారకపోతే అప్పుడు మిషను మీదికి ఎక్కించి, సరిచేయక ముందు కొలతలూ సరిచేశాక కొలతలూ రెండూ ఉన్న కాగితం అడిగి తీసుకోండి.