పీసీలో తెలియని డివైస్‌కి డ్రైవర్ వెతకడం ఎలా?
విండోస్ కొత్తగా వేశాక నెట్ రావట్లేదా? డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో ‘ఈథర్‌నెట్ కంట్రోలర్’ అని ఉంటుంది, ఏ కంపెనీదో ఉండదు. క్యాబినెట్ విప్పక్కర్లేదండి. దానిమీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లోకి వెళ్లి, హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. అక్కడ ‘వీఈఎన్’ పక్కన ఉన్న నాలుగూ కంపెనీ కోడ్: 8086 అంటే ఇంటెల్, 10డీఈ అంటే ఎన్విడియా, 10ఈసీ అంటే రియల్‌టెక్. ‘డీఈవీ’ పక్కనున్నది మోడల్. 10ఈసీతో 8168 కనిపిస్తే అది రియల్‌టెక్ గిగాబిట్ ల్యాన్ చిప్ అన్నమాట.

మరి నెట్టే లేదు కదా, డ్రైవర్ ఎలా? ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, చాలు. మదర్‌బోర్డు కంపెనీ సైట్ నుంచే డౌన్‌లోడ్ చేయండి. ‘ఒక్క క్లిక్‌తో అన్ని డ్రైవర్లూ’ అనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి. నేనొకసారి వేశా, బ్రౌజర్ నిండా యాడ్లే!