ద్రవస్ఫటికములు – బంగారు నలుసులు



మీ యింటి కరెంటు మీటరులో నల్లని యంకెలు కనబడుచుండును గదా. అవి సిరాతో వ్రాసినవి కావు. రెండు గాజు పలకల నడుమ, తలవెండ్రుక మందములో పదియవ వంతు సందున నింపిన యొక ద్రవము వానిని చూపుచున్నది. దానికి ద్రవస్ఫటికమని పేరు.

1888లో ప్రేగు నగరమున రైనిట్జరు అను వృక్షశాస్త్రజ్ఞుడు ఒక పదార్థమును కాచుచుండగా, అది 145 డిగ్రీల వద్ద కరగి మబ్బుగా నుండెను; 178 డిగ్రీలు దాటినగాని తేటపడలేదు. ఆ నడిమి స్థితిలో నది నీటివలె పారును. అయినను పటికబెల్లపు పలుకులోవలె దాని యణువులకు ఒక వరుస యుండును.

ఈ యణువులు సన్నని పుల్లలవంటివి. తాడు పట్టి నాట్లు వేయించినవారికి మొదటి వరుస తిన్నగా నున్ననే తక్కినవి తిన్నబడునని తెలియును. ఇచ్చటను అంతియే. గాజుపై పలుచని పొర పూసి, మఖమలు గుడ్డతో ఒకే దిక్కుగా రుద్దుదురు. గాజునంటిన యణువులు ఆ దిక్కున పండుకొనును. తక్కినవి వానిని అనుసరించును. విద్యుత్తు తగిలినపుడు అవి లేచి నిలుచును. పలకల వెలుపలి వడపోత పొరలతో గూడి, బరాజు తలుపు నీటిని ఆపునట్లు ఈ ద్రవము వెలుగును ఆపును. అచ్చటనే నల్లని యంకె తోచును.

అయితే రుద్దుటవలన ధూళి లేచును, గుడ్డ పోగులు మిగులును. అందుచే శాస్త్రజ్ఞులు వేరొక దారి వెదకిరి. మీటరులో నూరుకోట్లవ వంతులతో కొలవదగిన బంగారు నలుసులకు పొడవైన యణువులను తొడుగుగా తొడిగి, ద్రవస్ఫటికమున కలిపిరి. కొన్ని నలుసులు గాజును చేరగా, ద్రవపు అణువులు రుద్దకయే నిటారుగా నిలిచినవి. కొన్ని టెలివిజను తెరలకు కావలసిన వరుస యిట్టిదే. కాని పాలు మించినచో నలుసులు ముద్దకట్టి వరుసను చెరచును. ఎరువైనను మితము తప్పిన పైరునకు చేటే గదా! ఈ పద్ధతి యింకను ముఖ్యముగా పరిశోధనశాలలలోనిదే.

ఆ శాలలు దూరదేశములందే గలవని తలపవలదు. విజయవాడ చెంతనున్న వడ్డేశ్వరమున కోనేరు లక్ష్మయ్య విశ్వవిద్యాలయమునందును, విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాలయందును, బందరు హిందూ కళాశాలయందును ఆచార్యులు ఇట్టి పరిశోధనలు చేసి పత్రములు ప్రకటించిరి. నలుసులు కలిపినపుడు ద్రవము తన నడిమి స్థితిని నిలుపుకొనునా, ఏ వేడి వద్ద మారును అనునవి వారు పరిశీలించిన విషయములు. వరుసదీర్చుటకు ముందు తేలవలసిన ప్రశ్నలివి.

మీ మనుమడుగాని మనుమరాలుగాని భౌతికశాస్త్రము చదివెదననిన, “దానివలన కూడు దొరకునా?” యని అడ్డు చెప్పుటకు ముందు, గోడమీది మీటరును ఒక్కసారి చూడుడు. అందలి ప్రతి యంకెయు ఒకనాడు ఎవరో పనికిమాలినదని యెంచక వెంబడించిన ప్రశ్నయొక్క ఫలము.